'మడ్' సినిమాలో ఆ దీవి మనిషి ఎవరు? పద్నాలుగేళ్ళ ప్రేమ, నది ఒడ్డు ఇల్లు, కొన్ని చిక్కుముడులు

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా సిరొంచ వైపు సినిమా చూడటం మూడు భాషల వ్యవహారం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఫోన్‌లో సగం హిందీ డబ్బింగ్. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట పెరిగిన పిల్లలు కాబట్టి తెర మీద నది కనిపిస్తే చాలు, అది ఏ దేశపు నదైనా ఆగి చూస్తారు. అలా ఈ మధ్య మా కాలేజీ కుర్రాళ్ళ మధ్య బాగా తిరిగిన సినిమా 'మడ్'. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, మిసిసిపీ నదిలో ఒక దీవి, ఆ దీవి మీద ఊరూ పేరూ తెలియని ఒక మనిషి, అతనికి తిండి మోసుకెళ్ళే ఇద్దరు పిల్లలు.

చూసినవాళ్ళందరూ దాదాపు ఒకే అయోమయంతో వస్తున్నారు. ఆ మనిషి మంచివాడా, చెడ్డవాడా? హత్య చేసినవాడికి పిల్లలు సాయం చేస్తుంటే సినిమా దాన్ని తప్పు అనదేం? ప్రేమకథ అన్నారు కదా, ఇందులో ఏ జంటా కలిసి ఉండదేం? పెద్దవాళ్ళ అభ్యంతరం ఇంకోటి: పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ప్రేమేమిటి, దాన్ని సినిమాగా తీయడమేమిటి? ఇవన్నీ ఒకదానికొకటి చుట్టుకున్న ప్రశ్నలు. విడివిడిగా చూస్తేనే తేలతాయి. ముగింపు చెప్పకుండా మాట్లాడటం కుదరదు కాబట్టి, సినిమా చూడనివాళ్ళు చూశాకే ఇది చదవడం మేలు.

## ముందు కథ

దర్శకుడు జెఫ్ నికల్స్ ఆర్కన్సాలోనే పుట్టినవాడు, కథ కూడా అతను రాసుకున్నదే. సినిమాను 2012లో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో చూపించారు, 2013 ఏప్రిల్‌లో అమెరికా థియేటర్లలో విడుదల చేశారు.

ఎల్లిస్‌కి పద్నాలుగేళ్ళు. అమ్మానాన్నలతో నది మీద తేలే పడవ ఇంట్లో ఉంటాడు. నాన్న నదిలో చేపలు పట్టి ఇల్లిల్లూ తిరిగి అమ్ముతాడు. ఎల్లిస్ స్నేహితుడి పేరు నెక్‌బోన్. అతన్ని పెంచిన బాబాయి నది అడుగుకు మునిగి ఆల్చిప్పలు ఏరే మనిషి. పిల్లలిద్దరూ ఒకరోజు దీవికి వెళ్తే అక్కడ చెట్టు కొమ్మల మధ్య ఒక పడవ ఇరుక్కుని ఉంటుంది. వరద వచ్చినప్పుడు అంత ఎత్తున చేరి, నీళ్ళు తీశాక అక్కడే ఉండిపోయిన పడవ. అందులో అప్పటికే ఒకడు కాపురం పెట్టాడు. అతనే మడ్. చేతిలో పిస్తోలు, ఒంటి మీద పాము పచ్చబొట్టు, నోటి నిండా కథలు. పాత్ర వేసింది మాథ్యూ మెకానహే.

మడ్ తన ప్రేయసి జూనిపర్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమెను గర్భవతిని చేసి, కొట్టి, బిడ్డ పోయేలా చేసిన వాడిని మడ్ కాల్చి చంపాడు. ఇప్పుడు ఒకవైపు పోలీసులు, మరోవైపు చనిపోయినవాడి తండ్రి కూలికి తెచ్చిన మనుషులు అతని కోసం వెతుకుతున్నారు. చెట్టు మీది పడవను దించి, బాగుచేసి, జూనిపర్‌తో నది దాటి వెళ్ళిపోవాలన్నది మడ్ ప్లాన్. దానికి తిండి, సామాన్లు, మోటారు కావాలి. ఆమెకు చీటీలు చేరవేసేవాళ్ళూ కావాలి. ఆ పనంతా పిల్లల మీద పడుతుంది.

చివరికి జూనిపర్ రాదు. మడ్ కూడా ఆ ప్రేమను వదులుకుంటూ చీటీ రాసి పంపుతాడు. తాను మోసపోయానని ఎల్లిస్ మడ్ మీద మండిపడి పరుగెత్తి, విషపు నీటిపాములున్న మడుగులో పడతాడు, పాము కరుస్తుంది. మడ్ దాక్కున్న చోటు వదిలి, అందరూ చూస్తుండగా పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేరుస్తాడు. దాంతో వెతికేవాళ్ళకు జాడ దొరుకుతుంది. వీడ్కోలు చెప్పడానికి మడ్ పడవ ఇంటికి వచ్చిన రాత్రి కాల్పులు జరుగుతాయి. అవతలి ఒడ్డున ఉండే ముసలాయన టామ్ తుపాకీ గురితో పరిస్థితి మారిపోతుంది. మడ్ తూటా దెబ్బ తిని నీళ్ళలోకి దూకుతాడు.

## కమింగ్ ఆఫ్ ఏజ్ అంటే

ఇలాంటి సినిమాలను కమింగ్ ఆఫ్ ఏజ్ సినిమాలు అంటారు. పిల్లతనం నుంచి పెద్దరికంలోకి అడుగుపెట్టే కొద్ది రోజుల కథ అని అర్థం చేసుకుంటే సరిపోతుంది. ఒక వేసవి, ఒక స్కూలు ఏడాది, ఒక జాతర, అంతే కాలం. మొదట్లో ఆ పిల్లవాడు లోకం గురించి ఒక మాట గట్టిగా నమ్ముతాడు. కథ పూర్తయ్యేసరికి ఆ నమ్మకం విరుగుతుంది, లేదా రూపం మారుతుంది. వాడు గెలిచాడా ఓడాడా అన్నది ఇక్కడ రెండో విషయం.

మనకు అలవాటైన ప్రేమకథకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ప్రేమకథలో ఇద్దరూ కలుస్తారా లేదా అన్న టెన్షన్ చివరిదాకా మనల్ని కూర్చోబెడుతుంది. ఇక్కడ మొదటి ప్రేమ నిలవదని పెద్దలైన ప్రేక్షకులకు ముందే తెలుసు. నిలవనప్పుడు పిల్లవాడు ఏమవుతాడు అన్నదే కథ. 'ఏ జంటా కలవదేం' అని అడిగేవాళ్ళు ఈ సినిమాను ప్రేమకథ కొలతతో చూస్తున్నారన్నమాట. వాళ్ళ తప్పేం లేదు. పోస్టర్లూ ట్రైలర్లూ అలాగే అమ్ముతాయి.

## ఫ్లాష్‌బ్యాక్ రాకపోవడం వల్ల వచ్చిన తికమక

మన తెలుగు సినిమాలో ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మనకు బాగా తెలిసినవాడే. గడ్డం పెంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఏదో పనిచేసుకుంటూ బతుకుతుంటాడు. ఇంటర్వెల్‌కి అటూ ఇటూగా వేరే ఊరి నుంచి జీపులు వస్తాయి. అప్పుడు గతం తెరుచుకుంటుంది. అతను చేసిన హత్యల వెనక న్యాయం ఉందని అరగంట పాటు మన కళ్ళకు చూపిస్తారు. అక్కడితో సందేహం ఉండదు.

'మడ్'లో అచ్చంగా అలాంటి మనిషే ఉన్నాడు. అతని కోసం బళ్ళు కూడా వస్తాయి. గతం మాత్రం ఒక్కసారి కూడా తెర మీదకు రాదు. మడ్ చేసిన హత్యను మనం చూడం. అతను చెబితే వింటాం. అతన్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన టామ్ ఇంకో రకంగా చెబితే వింటాం. జూనిపర్ మాటల్లో మరో మడ్ కనిపిస్తాడు. అతను చెప్పేవాటిలో అన్నీ నిజం కావని దగ్గరివాళ్ళే అంటారు. ఎల్లిస్‌కి ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు, నమ్మాలో వద్దో తేల్చుకోవలసిన భారం వాడితో పాటు మన మీదా పడుతుంది. 'మంచివాడా చెడ్డవాడా' అన్న ప్రశ్నకు సినిమా జవాబు చెప్పదు. చెప్పి ఉంటే ఎల్లిస్ పెద్దవాడు కావలసిన పనే ఉండేది కాదు.

దేశదిమ్మరి పాత్ర ఇలాంటి కథల్లోకి ఎందుకు వస్తుందో కూడా దీన్నుంచే తెలుస్తుంది. అమ్మానాన్నల బతుకు పిల్లలకు మరీ దగ్గరగా కనిపిస్తుంది, వాళ్ళ అప్పులు, గొడవలు, అలసట అన్నీ తెలుసు. బయటి నుంచి వచ్చినవాడికి ఇవేవీ ఉన్నట్టు కనిపించవు. పిల్లవాడు తనకు కావలసిన పెద్దమనిషిని అతనిలో ఊహించుకోవచ్చు. ఈ పాత్రకు అమెరికాలో పాత వేర్లున్నాయి. మిసిసిపీ దీవి మీదికి పారిపోయిన పిల్లల కథలు అక్కడ రచయిత మార్క్ ట్వేన్ కాలం నుంచీ ఉన్నాయి. ట్వేన్ తన నవలల్లోని హకిల్‌బెరీ ఫిన్ పాత్రను మలచుకున్నది టామ్ బ్లాంకెన్‌షిప్ అనే చిన్ననాటి స్నేహితుణ్ణి చూసి. ఈ సినిమాలో అవతలి ఒడ్డు ముసలాయన పూర్తి పేరు కూడా టామ్ బ్లాంకెన్‌షిప్పే.

## ఎల్లిస్ నమ్మకం ఎక్కడెక్కడ విరిగింది

ఎల్లిస్ మడ్‌కి ఎందుకంత సాయం చేస్తాడు? పడవ వస్తుందనీ, పిస్తోలు దొరుకుతుందనీ బేరం ఉన్నమాట నిజమే. నెక్‌బోన్‌కి అసలు ఆసక్తి వాటి మీదే. ఎల్లిస్ లెక్క వేరు. ఇంట్లో అమ్మ విడిపోదామంటోంది. నాన్న ప్రేమను నమ్మొద్దని కొడుక్కే చెబుతున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లో, ప్రేమ కోసం మనిషిని చంపి దీవి మీద ఆకలితో కూర్చున్నవాడు ఒకడు దొరికాడు. మడ్, జూనిపర్ కలిస్తే ప్రేమ నిలుస్తుందని రుజువవుతుంది. ప్రేమ నిలిచేదే అయితే తన ఇల్లూ నిలుస్తుంది. పిల్లవాడు తిండి మోస్తున్నది ఆ రుజువు కోసం. ఇది పట్టుకుంటే సినిమాలో విడివిడిగా కనిపించే సన్నివేశాలు ఒక వరసలోకి వస్తాయి.

మొదటిది మే పెర్ల్ సంగతి. ఆమె ఎల్లిస్ కన్నా పై తరగతి అమ్మాయి. పెద్ద కుర్రాడొకడు ఆమెను విసిగిస్తుంటే ఎల్లిస్ వెళ్ళి గుద్దుతాడు. ఆమె నవ్వుతుంది, కొన్నాళ్ళు మాట్లాడుతుంది. అమ్మాయి కోసం దెబ్బలాడితే ప్రేమ దక్కుతుందన్న సూత్రం పనిచేసినట్టే అనిపిస్తుంది. తర్వాత స్నేహితుల ముందు ఆమె అతన్ని తీసిపారేస్తుంది, నువ్వు నా బాయ్‌ఫ్రెండ్‌వి ఎప్పుడయ్యావు అన్నట్టు. ఇక్కడ మే పెర్ల్‌ని విలన్‌గా చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె మాట ఇచ్చింది ఎప్పుడు? ఒక గుద్దు గుద్ది, దానికి బదులుగా ప్రేమ తనకు రావలసి ఉందని అనుకున్నది ఎల్లిస్. ఆమెకు ఆ ఒప్పందం సంగతే తెలియదు.

రెండోది జూనిపర్. మోటల్ గదిలో ఆమెను ఒకడు కొడుతుంటే ఎల్లిస్ అడ్డుపడి దెబ్బలు తింటాడు. మళ్ళీ అదే సూత్రం. బయలుదేరాల్సిన రాత్రి వచ్చేసరికి ఆమె బార్‌లో ఇంకో మగవాడితో కనిపిస్తుంది. ఎల్లిస్ కళ్ళకు అది ద్రోహం. జూనిపర్ వైపు నుంచి ఆలోచిస్తే, జీవితాంతం పోలీసులకు దొరక్కుండా ఒక పడవలో బతకడానికి సిద్ధపడమని ఆమెను అడుగుతున్నారు. ఆమె భయపడింది. సినిమా ఆ భయాన్ని ఒకటి రెండు క్షణాలే చూపిస్తుంది, కానీ చూపిస్తుంది.

మూడో చోట సూత్రం తలకిందులవుతుంది. మడ్ ప్రేమను వదులుకోగానే ఎల్లిస్ అతన్ని అబద్ధాలకోరు అంటాడు, మమ్మల్ని వాడుకున్నావంటాడు. అందులో నిజముంది. మడ్ పిల్లల్ని వాడుకున్నాడు. వాళ్ళ చేత దొంగసామాను మోయించాడు, ప్రమాదంలోకి నెట్టాడు. ఆ మాట అన్న కొద్దిసేపటికే అదే మనిషి, దొరికిపోతానని తెలిసీ, పాము కరిచిన పిల్లవాణ్ణి ఎత్తుకుని ఊళ్ళోకి పరుగెత్తాడు. ఒకే మనిషి ఒకే పూట అబద్ధాలకోరూ అయ్యాడు, నమ్మదగినవాడూ అయ్యాడు. ఎల్లిస్ పెద్దవాడు కావడమంటే ఈ రెంటినీ ఒకే మనిషిలో ఒప్పుకోగలగడం. ప్రేమలో చేసిన ప్రమాణాలు ఏవీ నిలవలేదు, ఎవరూ ప్రమాణం చేయని చోట ఒకరు నిలబడ్డారు. సినిమాకు ప్రాణం ఈ సన్నివేశమే అని నేను గట్టిగా నమ్ముతాను. చివరి కాల్పులు లేకపోయినా ఇది నిలిచేది.

## పడవ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది

మా వైపు పెద్దవాళ్ళు ఈ సినిమాలో అన్నిటికన్నా ముందు పట్టుకున్నది ప్రేమను కాదు, ఇంటిని. కుర్రాళ్ళు దాన్ని దాదాపు గమనించలేదు.

ఎల్లిస్ వాళ్ళ పడవ ఇల్లు తల్లి మేరీ లీ పేరు మీద ఉంది, ఆమె పుట్టింటి వైపు నుంచి వచ్చింది. ఆమె ఊళ్ళోకి మారిపోతే నది మీద అజమాయిషీ ఉన్న అధికారులు ఆ ఇంటిని తీసేస్తారు. అలాంటి ఇళ్ళను కొత్తగా కట్టుకోనివ్వరు. భార్య వెళ్ళిపోతే భర్తకు పోయేది భార్య ఒక్కతే కాదు, గూడు పోతుంది, చేపల పనీ పోతుంది. ఎల్లిస్‌కి అమ్మానాన్నలు విడిపోవడం, నది నుంచి తనను తీసేయడం ఒకటే సంఘటన. చివర్లో ఆ ఇంటిని యంత్రంతో కూల్చే దృశ్యం ఉంటుంది.

ఇది సిరొంచ తాలూకాలో కూర్చుని చూస్తే వేరే బరువుతో వస్తుంది. మేడిగడ్డ బ్యారేజీకి ఒక గట్టు తెలంగాణ, ఇంకో గట్టు మా తాలూకా. ఆ బ్యారేజీ భాగంగా ఉన్న కాళేశ్వరం ప్రాజెక్టును 2019 జూన్ 21న ప్రారంభించారు. అప్పటి నుంచి నీళ్ళు నిలబడిన చోట పొలాలు మునుగుతున్నాయనీ, గట్లు కోసుకుపోతున్నాయనీ ఇవతలి ఒడ్డు రైతులు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు, ధర్నాలకు కూర్చున్నారు. 2022 జులై వరదలో ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి ఎత్తు ప్రదేశాలకు పోవలసి వచ్చింది. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు, అంటే దాని స్తంభాలు, కొన్ని కుంగాయి. ఇదంతా జరిగాక ఇక్కడి ఇళ్ళల్లో మాటలన్నీ తిరిగి తిరిగి ఒక కాగితం దగ్గరికే వస్తాయి, భూమి ఎవరి పేరున ఉందో చెప్పే సాత్‌బారా. ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠి దగ్గరి ఆ రికార్డులో పేరున్నవాడికి నష్టం అడిగే దారి ఉంది. తాతల నాటి నుంచి దున్నుతున్నా పేరెక్కనివాడికి, నీళ్ళలో వల తప్ప ఇంకేం లేనివాడికి ఆ దారి చాలా ఇరుకు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది అన్న ప్రశ్నతో ఒక కుటుంబం చీలిపోవచ్చని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండూ ఒకటే అని మాత్రం అనుకోకూడదు. సినిమాలో నది అధికారులు నేపథ్యంలోనే ఉంటారు, వాళ్ళ నిర్ణయం న్యాయమా అన్యాయమా అని సినిమా వాదించదు. పిల్లవాడికి అది వాతావరణం లాగా వచ్చి మీద పడుతుంది. ఇది లోపమని కొందరు విమర్శకుల మాట: పేదల జీవనం పోతుంటే దాన్ని బాధగా చూపించారే తప్ప కారణాలు అడగలేదని. పద్నాలుగేళ్ళవాడి కళ్ళతో చెప్పే కథలో వాడికి తెలియని కారణాలు చూపిస్తే కథ చేయి జారుతుందన్నది ఎదుటి వాదన. ఈ విషయంలో నేను రెండోవైపే మొగ్గుతాను. కాకపోతే మా వైపు మొదటి వాదన చేసేవాళ్ళు సాధారణంగా ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళే అయి ఉంటారు, వాళ్ళ మాటను సినిమా తెలియనివాళ్ళ మాటగా తీసేయడం సరి కాదు.

## ఆ మనిషి మన అడవిలో కనిపిస్తే

'నువ్వైతే అన్నం పట్టుకెళ్తావా?' ఈ ప్రశ్న అడిగితే మా ఇళ్ళల్లో తరాల తేడా బయటపడుతుంది.

మా గడచిరోలి జిల్లా చంద్రపూర్ నుంచి విడిపడింది 1982లో. ఇంచుమించు ఆ రోజుల నుంచే ఇక్కడ నక్సలైట్ ఉద్యమం, దాని వెనక పోలీసు క్యాంపులు. అడవిలో కొత్త మనిషి ఎదురై అన్నం అడిగితే పెట్టడం మర్యాద. మర్నాడు ఇంకొకరు వచ్చి ఎవరికి పెట్టావని అడిగితే ఆ మర్యాదే నేరమయ్యేది. పెట్టకపోయినా భయమే. ఇద్దరి మధ్యా నలిగిన తరం ఇప్పుడు అమ్మమ్మలు, తాతలు. తెర మీద ఎల్లిస్ డబ్బాల్లో తిండి సర్దుకుని పడవ ఎక్కుతుంటే కుర్రాళ్ళకు సాహసం కనిపిస్తుంది. ఆ పెద్దవాళ్ళకు మాత్రం, ఆ పిల్లవాడి తల్లికి ఎవరైనా చెప్పండర్రా అనిపిస్తుంది.

కొత్త మనిషి మాకు కొత్త కాదు, అది కూడా చెప్పాలి. ఎండాకాలం తునికాకు కోత మొదలైతే కల్లాల దగ్గర ఎక్కడెక్కడి మనుషులో కనిపిస్తారు. కాళేశ్వరం ఎదురుగా ఇసుక దిబ్బల మీద రోజుల తరబడి ఉండిపోయే సాధువులుంటారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకైతే ఒడ్డంతా కొత్త ముఖాలే. పిల్లలు వీళ్ళ చుట్టూ చేరడం, వాళ్ళు చెప్పే ఊళ్ళ కబుర్లకు నోరు తెరుచుకుని కూర్చోవడం ఎప్పుడూ ఉన్నదే. మడ్ చుట్టూ ఎల్లిస్ తిరగడంలో మాకు నమ్మలేనిది ఏమీ లేదు. నమ్మలేనిది, అంతా అయ్యాక పిల్లల్ని పోలీసులు పెద్దగా ఏమీ అనకుండా వదిలేయడం.

చట్టం సంగతి రెండు మాటల్లో: నేరం చేశాడని తెలిసీ మనిషిని దాచిపెట్టడం మన దేశంలో నేరం. పద్దెనిమిది దాటనివాళ్ళ విషయం మామూలు కోర్టుకు కాకుండా బాలల న్యాయ మండలికి వెళ్తుంది. సినిమా ఈ వైపు పోలేదు. పోలేదంటే పిల్లలు చేసింది సరే అన్నదని కాదు. ఎల్లిస్ శరీరం మీద పాము కాటు ఉంది, ఇంటి గోడల మీద తూటాల గుర్తులున్నాయి. సాయానికి ఖరీదు ఏమిటో ఆ పిల్లవాడు చూశాడు.

## దారి చూపేవాడు ఏమీ చేయలేనప్పుడు: 'ఫండ్రీ'

'మడ్' గురించి మాట్లాడుతుంటే మా కుర్రాళ్ళలో మరాఠీ సినిమాలు చూసేవాళ్ళు వెంటనే 'ఫండ్రీ' పేరెత్తారు. ఎత్తడం న్యాయమే. నాగరాజ్ మంజుళే తీసిన ఈ సినిమా మహారాష్ట్రలో 2014 ఫిబ్రవరిలో విడుదలైంది, దర్శకుడికి తొలి చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చింది. ప్రధాన పాత్ర జబ్యాగా చేసిన సోమనాథ్ అవఘడేకి ఉత్తమ బాలనటుడి పురస్కారం వచ్చింది.

జబ్యా కైకాడీ కులం పిల్లవాడు. తరగతిలోని పై కులం అమ్మాయి శాలూ అంటే ఇష్టం. ఊళ్ళో సైకిల్ షాపు నడిపే చంక్యా అనే మనిషి ఒక ఉపాయం చెబుతాడు: పొడవు తోక నల్లపిట్టను పట్టి, కాల్చి, ఆ బూడిద చల్లితే అమ్మాయి వశమవుతుందని. జబ్యా ఆ పిట్ట కోసం పొలాల వెంట తిరుగుతూనే ఉంటాడు. చంక్యాగా నటించింది దర్శకుడే. ఇతనిలోనూ మడ్ పోలికలున్నాయి, ఊరికి సగం బయట ఉన్నట్టుండే మనిషి, ప్రేమ గురించి పిల్లవాడికి ఒక కథ అందించినవాడు.

పోలిక అంతవరకే. ఎల్లిస్‌ని మే పెర్ల్ కాదన్నది చిన్నవాడని. ఆ కారణం నాలుగేళ్ళలో పోతుంది. జబ్యా శాలూతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే ఊరు అతనికి జవాబు చెప్పేసింది, ఆ కారణం వయసుతో పోయేది కాదు. జాతరకు ముందు పందుల్ని పట్టే పని జబ్యా కుటుంబానికి అప్పగిస్తారు. స్కూలు పక్కనే, తోటి పిల్లలు, శాలూ చూస్తుండగా, పందుల వెంట పరుగెత్తాలి. దాదాపు దొరికిందనుకున్న పంది, బడిలో జనగణమన మొదలవగానే వీళ్ళంతా కదలకుండా నిలబడటంతో తప్పించుకుపోతుంది. జనం నవ్వుతారు. చంక్యా ఉపాయం ఇక్కడ ఎందుకూ పనికిరాదు. 'మడ్'లో పెద్దమనిషి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుని పరుగెత్తాడు. ఇక్కడ అలా ఎవరూ రారు. జబ్యా రాయి తీసి విసురుతాడు, అది కెమెరా వైపు, అంటే మన వైపే వస్తుంది.

ఆ రాయిని కొందరు ఆశగా చూస్తారు, పిల్లవాడు ఎదురు తిరిగాడని. ఇంకొందరికి అది దిక్కులేని కోపం. నాకు ఆ రెండూ ఒకదానికొకటి అడ్డొచ్చేవిగా కనిపించవు. ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. పెద్దవాడు కావడమంటే లోపల ఒక నమ్మకం విరగడం అని పైన అన్నాను. జబ్యాకి లోపలి నమ్మకంతో పాటు బయటి గోడ కూడా ఉంది. కాబట్టి కమింగ్ ఆఫ్ ఏజ్ కథ అన్ని చోట్లా ఒకే కథ అన్న మాటను కొంచెం ఆగి వినాలి. మొదటి ప్రేమ ఓడిపోవడం అందరికీ ఉన్నదే కావచ్చు, ఎవరి చేతిలో ఓడిపోతున్నారన్నది అందరికీ ఒకటి కాదు.

## ఆడపిల్లల వైపు నుంచి చూస్తే

'మడ్' మీద వచ్చిన విమర్శల్లో బలమైనది ఇది. సినిమాలో మగవాళ్ళందరూ ప్రేమలో గాయపడినవాళ్ళు, గాయపరిచినవాళ్ళందరూ ఆడవాళ్ళు. జూనిపర్ రాలేదు, మే పెర్ల్ కాదంది, మేరీ లీ వెళ్ళిపోతానంది. నాన్న, మడ్, టామ్, ముగ్గురూ ఒకే పాఠాన్ని వేరువేరు మాటల్లో పిల్లవాడికి అందిస్తుంటారు.

దీనికి జవాబు చెప్పేవాళ్ళు, ఇది ఎల్లిస్ చూపు మాత్రమే, సినిమా చూపు కాదంటారు. సాక్ష్యం కూడా ఉంది. మేరీ లీ తన బతుకు మార్చుకోవాలనుకుంటోందని, నది మీద ఏళ్ళ తరబడి ఉండిపోయిన అలసట అదని, ఆమె ముఖంలోనే తెలుస్తుంది. జూనిపర్ ఒంటి మీది దెబ్బలు ఆమె పరిస్థితిని చెబుతాయి. ఈ జవాబు సగం దూరమే తీసుకెళ్తుందని నా అభిప్రాయం. ఎల్లిస్ చూపులో లోపం ఉందని సినిమాకు తెలిస్తే, ఆ ముగ్గురిలో ఒకరికైనా అతనితో తీరిగ్గా మాట్లాడే సన్నివేశం దొరకాలి. మడ్‌కి అలాంటివి అరడజను దొరికాయి.

ఇక్కడ కూడా మా పిల్లలకు పోలికకు ఒక మరాఠీ సినిమా దగ్గరగా ఉంది. 'ఫండ్రీ' దర్శకుడిదే 'సైరాట్', 2016 ఏప్రిల్‌లో వచ్చింది. షోలాపూర్ జిల్లా పల్లె నుంచి పారిపోయిన జంట చేరేది హైదరాబాద్‌కే. అక్కడ తెలుగు వినపడే వీధుల్లో దిక్కుతోచక తిరుగుతుంటే సిరొంచ ప్రేక్షకుడు ఒక్కసారిగా తెర లోపలివాడైపోతాడు, ఆ భాష తనకు వచ్చు కాబట్టి. అందులో కథానాయిక ఆర్చీ బుల్లెట్ నడుపుతుంది, ట్రాక్టర్ తోలుతుంది, ముందు నిర్ణయం తీసుకునేది ఆమే. తర్వాత ఆ నిర్ణయానికి భయపడేదీ, ఇంటి మీద బెంగపడేదీ, తిరిగి వచ్చేదీ ఆమే. 'మడ్'లో జూనిపర్‌కి దక్కనిది ఆర్చీకి దక్కింది. ఆర్చీకి ఆ చివర ఏం జరిగిందో చూసినవాళ్ళకు, పారిపోయే పడవ ఎక్కని జూనిపర్ మీద కోపం రావడం కష్టం.

పెద్దవాళ్ళ అభ్యంతరం ఒకటి మిగిలింది, పిల్లల ప్రేమను చూపించవచ్చా అని. ఇక్కడ చట్టాన్నీ సినిమానూ కలిపేసి మాట్లాడుతున్నారు. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిది దాటనివారిపై లైంగిక చర్యలను నేరంగా చూస్తుంది, సమ్మతి ఉందన్న మాట అక్కడ చెల్లదు. పద్నాలుగేళ్ళవాడికి ఒక అమ్మాయి నచ్చడం నేరం కాదు, ఆ నచ్చడం గురించి కథ చెప్పడమూ కాదు. అమెరికాలో 'మడ్'కి పదమూడు దాటనివాళ్ళ తల్లిదండ్రులు జాగ్రత్తపడాలనే పీజీ-13 ఇచ్చారు. మన దగ్గర కూడా 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ను ఏడు, పదమూడు, పదహారు ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. ఏ వయసువాళ్ళు పెద్దల తోడు లేకుండా చూడవచ్చన్న ప్రశ్నకు ఆ మెట్లు కొంత జవాబు. ఎల్లిస్ ప్రేమ నిజమైన ప్రేమేనా అన్న ప్రశ్న మాత్రం ఏ సర్టిఫికెట్ కిందికీ రాదు. సినిమాలో దాన్ని తేలిగ్గా తీసుకోని పెద్దమనిషి ఒక్కడే ఉన్నాడు, దీవి మీద దాక్కున్నవాడు. ఎల్లిస్ అతన్ని అంతగా నమ్మడానికి పిస్తోలు కన్నా, పడవ కన్నా, ఆ ఒక్క సంగతే ఎక్కువ కారణం.